డీబీ-9 అసలు పేరు

పాత సీరియల్ కేబుల్ కావాలంటే షాపులో "డీబీ-9" అనే అడగాలి. సరైన పేరు డీఈ-9 అంటే కుర్రాడు మొహం చూస్తాడు.

కానన్ కంపెనీ 1952లో తెచ్చిన ఈ కనెక్టర్లకు లోహపు అంచు 'డీ' ఆకారంలో ఉంటుంది, తిరగేసి గుచ్చుదామన్నా దూరదు. రెండో అక్షరం ఆ అంచు సైజు: ఏ అంటే 15 పిన్నులు, బీ 25, సీ 37, డీ 50, ఈ 9. అన్నిటికన్నా బుల్లిదానికి చివరి అక్షరం దక్కడం తమాషాయే.

తొలి ఐబీఎం పీసీల్లో సీరియల్ పోర్టు డీబీ-25. 1984లో పీసీ ఏటీ దాన్ని తొమ్మిది పిన్నులకు కుదించింది: పైన అయిదు, కింద నాలుగు. జనం అంకె మార్చారు, అక్షరాన్ని మాత్రం అలాగే ఉంచేశారు. ఫ్యాక్టరీ యంత్రాల మాన్యువళ్లలో కూడా చాలాచోట్ల అదే పాతుకుపోయింది. పేరు కోసం పోట్లాడేకంటే, కొనేముందు మేలా ఫిమేలా చూసుకోవడం ముఖ్యం.