కళ్లంలో గాలి కబురు

పత్రికల్లో నాయకులు ఒకరినొకరు రోజూ తూర్పారబడుతుంటారు. ఆ మాట పుట్టిల్లు కళ్లం. నూర్చిన వడ్లను చేటకెత్తి పైనుంచి జారవిడిస్తే గింజ కాళ్ల దగ్గర పడాలి, పొల్లు ఎగిరిపోవాలి. గాలి లేనిదే పని సాగదు. అందుకే రైతు ముందుగా గుప్పెడు పొట్టు ఎగరేసి చూసేవాడు. ఆ పూటకు ఊరి గాలి అంచనా అంతే!

తీరంలో మాత్రం అంచనా తప్పితే ప్రాణాలే పోయేవి. 1864 నవంబరులో ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచి దాదాపు 30 వేల మందిని బలిగొంది. అంతకు నెల ముందే కలకత్తాను మరో తుపాను కుదిపేసింది. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఓడల కోసం. పొలంలో ఉన్నవాడికి అవి కనిపిస్తాయా?

రైతుల కోసం ప్రత్యేక బులెటిన్ 1945లో ఆలిండియా రేడియోలో మొదలైంది. అయితే అది పెద్ద ప్రాంతానికంతటికీ ఒకే కబురు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే తీరం వెంట తుపాను షెల్టర్లు పెరిగాయి.

గ్రామ పంచాయతీ స్థాయి అంచనాలు 2024 అక్టోబరులో వచ్చాయి. ఉష్ణోగ్రత, వానలతో పాటు గాలి వేగమూ ఫోన్లో కనిపిస్తుంది. కళ్లానికి మాత్రం ఆ అవసరం తీరిపోయింది. కోత యంత్రం కడుపులోనే పంకా తిరుగుతోంది. ఇప్పుడు గాలి లెక్క చూసుకునేది పురుగుమందు కొట్టేవాడు, గెల వేసిన అరటికి గెడలు పాతేవాడు.