సూయజ్ కాలువ - అగ్రరాజ్యాల భవితవ్యం

సేనలు ఓడినప్పుడే రాజ్యం పతనమవుతుందని సాధారణంగా భావిస్తారు. కాని సేనలు ముందుకు సాగుతుండగానే రాజ్యం ఓడిపోయిన సందర్భాలు చరిత్రలో లేకపోలేదు. 1956 నాటి సూయజ్ సంఘటన అటువంటిది. అమెరికా ఆధిపత్యం ఇంకెంతకాలమనే చర్చ నేడు ప్రపంచమంతటా సాగుతున్నది. ఆ చర్చకు ముందు ఈ సంఘటనను పరిశీలించడం అవసరం.

దీని మూలం ఒక అప్పులో ఉన్నది. 1863లో ఈజిప్టు పాలన చేపట్టిన ఇస్మాయీల్ రైలుమార్గాలకు, కాలువలకు, రాజప్రాసాదాలకు యూరపు బ్యాంకుల నుండి విచ్చలవిడిగా అప్పులు తెచ్చాడు. 1869లో సూయజ్ కాలువ ప్రారంభోత్సవం మహావైభవంగా జరిగింది. ఆరేళ్లు తిరిగేసరికి వడ్డీ కట్టే దారి లేక, కాలువ కంపెనీలోని తన 1,76,602 వాటాలను అమ్ముకున్నాడు. బ్రిటిష్ ప్రధాని డిజ్రాయిలీ సుమారు 40 లక్షల పౌన్లకు వాటిని కొన్నాడు. మరుసటి ఏడే అప్పులవాళ్ల కమిషన్ కైరోలో తిష్ఠవేసింది. 1882లో బ్రిటిష్ సైన్యం ఈజిప్టును ఆక్రమించింది. ముందు వడ్డీ లెక్కలు వచ్చాయి, వాటి వెనుక ఫిరంగులు వచ్చాయి.

ఆ సైన్యంలో చివరి దళం కాలువ ప్రాంతాన్ని విడిచి వెళ్లేసరికి 1956 జూన్ వచ్చింది. జూలై 19న అస్వాన్ ఆనకట్టకు ఇస్తామన్న సహాయాన్ని అమెరికా ఉపసంహరించుకున్నది. వారం తిరిగేసరికి, జూలై 26న, అధ్యక్షుడు నాసర్ కాలువ కంపెనీని జాతీయం చేశాడు. అక్టోబరు 29న ఇజ్రాయిల్ దాడి ప్రారంభించింది. ముందుగా కుదుర్చుకున్న రహస్య ఒప్పందం ప్రకారం బ్రిటన్, ఫ్రాన్సులు కూడా రంగంలోకి దిగాయి. నవంబరు 5న వాటి సైనికులు పోర్ట్ సయీద్‌పై పారాచూట్లతో దిగారు. యుద్ధరంగంలో వారిని ఆపగల శక్తి ఈజిప్టుకు లేదు.

అయినా మరునాడే బ్రిటన్ కాల్పుల విరమణకు అంగీకరించింది. కారణం లండన్ ఖజానాలో ఉన్నది. పౌను విలువ పడిపోకుండా కాపాడడానికి బ్రిటన్ తన బంగారాన్ని, డాలర్లను వేగంగా ఖర్చు చేయవలసి వచ్చింది. ఈజిప్టు ఓడలను ముంచి కాలువను మూసివేసింది. సిరియాలో చమురు గొట్టాలు తెగాయి. ఇక చమురు కొనాలన్నా డాలర్లే కావాలి. అంతర్జాతీయ ద్రవ్యనిధి నుండి సొమ్ము అందాలంటే అమెరికా సమ్మతి కావాలి. సైన్యాలు వెనక్కి వెళ్లనిదే సమ్మతించేది లేదని అమెరికా తేల్చిచెప్పింది. డిసెంబరు 22 నాటికి ఆ సైన్యాలు ఖాళీ చేశాయి. 1957 జనవరిలో ప్రధాని ఈడెన్ పదవి వదులుకున్నాడు.

ఇది ఈజిప్టు మీది ప్రేమతో జరిగిన పని కాదు. అరబ్బు దేశాలు సోవియట్ రష్యా వైపు మొగ్గుతాయన్న భయం అమెరికాను నడిపించింది. 1958 జూలైలో అమెరికా సైనికులే లెబనాన్ తీరాన దిగారు. పాత పెత్తందారు వెళ్లిన చోటికి కొత్త పెత్తందారు వచ్చాడు.

ఇబ్నె ఖల్దూన్ (1332-1406) తన చివరి సంవత్సరాలు కైరోలోనే గడిపి, అక్కడ ఖాజీగా పనిచేశాడు. రాజ్యం తొలిదశలో తక్కువ పన్నులతో ఎక్కువ రాబడి పొందుతుందని, చివరిదశలో ఎక్కువ పన్నులు వేసినా రాబడి తగ్గుతుందని ఆయన 1377లో రచించిన ముఖద్దిమాలో వివరించాడు. విలాసాలు, సైన్యం జీతాలు పెరిగేకొద్దీ పాలకవర్గాన్ని కలిపి ఉంచిన అసబియ్యత్ సడలిపోతుందని ఆయన అభిప్రాయం.

ఈ కొలతతో అమెరికాను చూద్దాం. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ ప్రభుత్వం అప్పులపై చెల్లించిన వడ్డీ రక్షణ వ్యయాన్ని మించిపోయింది. ప్రపంచ దేశాల విదేశీ ద్రవ్య నిల్వలలో డాలరు వాటా 1999లో సుమారు 71 శాతం ఉండగా, ఇప్పుడు 60 శాతానికి దిగువన ఉన్నది. ఇవి బలహీనత సూచనలే. అయితే తొందరపడి తీర్పు చెప్పరాదు. బ్రిటన్‌కు పరాయి దేశపు డాలర్లు కావలసి వచ్చింది. అమెరికా అప్పు తన సొంత డాలర్లలోనే ఉన్నది. 1956లో వాషింగ్టన్ లండన్‌ను వంచినట్లు నేడు వాషింగ్టన్‌ను వంచగల మరో రాజధాని లేదు. 1971లో బంగారంతో సంబంధం తెంచుకున్న తరువాత కూడా డాలరు నిలిచింది. కనుక దాని ఆధిపత్యం ఒక్క రోజులో కూలడం కంటే ఏళ్ల తరబడి క్రమంగా తరిగిపోవడమే ఎక్కువ సంభావ్యం.

మరి ఈ తరుగుదలను చూసి సంతోషించేవారు ఈజిప్టు వైపు ఒకసారి చూడాలి. కాలువ నేటికీ ఈజిప్టుదే. కాని అదే ఈజిప్టు 2016లో ద్రవ్యనిధి నుండి 1,200 కోట్ల డాలర్ల రుణానికి ఒప్పందం చేసుకున్నది. 2024లో మరో ఒప్పందాన్ని 800 కోట్ల డాలర్లకు పెంచుకున్నది. రెండుసార్లూ తన నాణెం విలువను తగ్గించుకున్నది. ఆ భారం రొట్టె, నూనె కొనుక్కునే సామాన్యుని మీద పడింది.

అగ్రరాజ్యం బలహీనపడినంత మాత్రాన చిన్న రాజ్యం బలపడదు. అమెరికా తరువాత చైనాయా, మరొకరా అని ఊహాగానాలు చేసే దేశాలు తమ అప్పు పత్రాలను కూడా తీసి చూసుకోవాలి. అవి ఎవరి చేతిలో ఉన్నాయో తెలిస్తే, తమ భవిష్యత్తు ఎవరి చేతిలో ఉన్నదో చాలావరకు తెలుస్తుంది.