పెనుకొండ మొండిగోడలు, కఱవుసీమ చెఱువుకట్టలు



మన కొత్తచెఱువునుండి పెనుకొండ దవ్వు కాదు. అయినను మనలో కాశీ రామేశ్వరములు సేవించి వచ్చినవారు పలువురు గలరు గాని, ఆ కోట యుత్తరద్వారముకడ నిలిచి అచ్చటి శాసనమును కన్నులార చూచి వచ్చినవారు మిక్కిలి తక్కువ. ఇంటిప్రక్కనున్న క్షేత్రమునకు మహిమ తక్కువని లోకమున నొక తలంపు గలదు. ఆ తలంపును కొంత సడలించుటకే యీ నాలుగు మాటలు.

ముందుగా నేల సంగతి. అనంతపురపు సీమలో సాలీనా కురియు వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము. నైరృతి మేఘములు పడమటి కనుమలపై తమ బరువును దింపుకొని తేలికయై యిటు వచ్చును. ఈశాన్య మేఘములు తూర్పు తీరమునుండి యింతదూరము వచ్చులోపల నలసిపోవును. ఈ రెండింటి నడుమ మనము మిగిలితిమి. ఎఱ్ఱనేల, నల్లని గుండ్లు పేర్చినట్లున్న కొండలు, తుమ్మ, బలుసు, నాగజెముడు, వేసవిలో ఇసుక తప్ప మఱేమియు లేని యేళ్లు, ఇదియే మన సీమ స్వరూపము. పరదేశి దీనిని చూచి యెడారి యనును. మనము దీనినే యిల్లందుము.

ఇట్టి నేలలు లోకమున మఱికొన్ని గలవు. ఐరోపా ఖండమున స్పెయిన్ దేశపు దక్షిణభాగమందు అల్మేరియా మండలములో తబెర్నాస్ అను చిన్న పట్టణ మొకటి గలదు. అచ్చట వాన మనకంటెను తక్కువ, సాలునకు 240 మిల్లీమీటర్ల ప్రాంతము. ఊరిపైనున్న గుట్టమీద మహమ్మదీయ ప్రభువుల కాలమునాటి కోట శిథిలమై నిలిచియున్నది. 1489లో ఆ సీమ క్రైస్తవరాజుల వశమయ్యెను. బోడిగుట్టలను, వాననీరు కోసిన గండ్లను, ఆ మొండిగోడలను చూచుటకు దూరదేశములనుండి జనులు పోవుచుందురు. చలనచిత్రములవా రచ్చట నెన్నియో చిత్రములను తీసిరి. మనకు గుట్టలకును కొదువ లేదు, గోడలకును కొదువ లేదు. చూచు కన్నులే కొదువ.

ఇక పెనుకొండకు వత్తము. దీనికి సంస్కృతమున ఘనగిరి యని పేరు. ఉత్తరద్వారమునందలి శాసనము 1354వ సంవత్సరము నాటిది. బుక్కరాయలు తన కుమారుడైన వీరవిరూపణ్ణ ఒడయరునకు ఈ రాజ్యభాగము నొప్పగించిన సంగతియు, అతని కాలమున కోట కట్టబడిన సంగతియు దానివలన తెలియుచున్నవి. విజయనగర రాజ్యము పుట్టిన రెండు దశాబ్దములలోపలనే మన కొండ రాజపుత్రుని నివాసమైనదన్నమాట. పిల్లలకు చరిత్ర బోధించిన దినములలో నేను హంపినిగూర్చి చెప్పునపుడు విననివారును, ఈ మాట చెప్పగానే తలయెత్తి చూచెడివారు.

1565 జనవరిలో తళ్లికోట యుద్ధమని ప్రసిద్ధమైన సమరమున అళియరామరాయలు హతుడయ్యెను. అతని తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటగొని, ఏనుగులపై ధనరాశుల నెక్కించుకొని పెనుకొండకు వచ్చెను. హంపి పాడుపడెను, పెనుకొండ రాజధాని యాయెను. ఆరవీటివారి పాలన కిదియే తొలి నెలవు. బీజాపురపు సైన్యము లనేక పర్యాయములు దీనిపై విడిసెను. పిదప వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చెను. పదునేడవ శతాబ్ది మధ్యమున కోట బీజాపురము వారి చేజిక్కెను. అటుపిమ్మట మరాఠులు, మైసూరువారు, 1800లో దత్తమండలములతోపాటు కుంఫిణీవారు. ఈ చేతులు మాఱుట యంతయు విసుగు పుట్టించు కథ, దానిని విస్తరింపను.

నేడు చూడదగిన వేవి? రెండంతస్తుల గగనమహలు గలదు. హైందవ శిల్పమును మహమ్మదీయ శిల్పమును అందు కలిసిపోయినవి. గోపురమువంటి శిఖరము క్రింద వంపు కమానులు కానవచ్చును. రాముని గుడియు శివుని గుడియు ప్రక్కప్రక్కనే యున్నవి. పచ్చరాతి పార్శ్వనాథుడు గల జైనాలయ మున్నది. షేర్‌ఖాను మసీదున్నది. బాబయ్యస్వామి దర్గాకు నేటికిని అన్ని కులములవారును మ్రొక్కులు చెల్లింతురు. ఇన్ని మతముల గుర్తులు ఒక్క కొండ నీడను ఉండుట చూచినయెడల, యుద్ధముల కథలే చరిత్ర యని పుస్తకములు మనకు చెప్పినది సగము మాత్రమే యని తోచును. తిమ్మరుసు మంత్రి ఇచ్చటనే చెఱయందుండెనని జనులు చెప్పుకొందురు. అది జనశ్రుతి. జనశ్రుతిని శాసనముతో సమానముగా చేయరాదు, త్రోసివేయను రాదు.

అయితే నాకు ఈ గోడలకంటె వింతగా తోచిన దొకటి గలదు. 1388వ సంవత్సరపు శాసనమొకటి కర్ణాటకమున గౌరిబిదనూరు ప్రాంతమున దొరకినది. పెనుకొండనుండి పాలించుచుండిన ప్రతాపబుక్కరాయలు, పెన్నానదిని పెనుకొండకు తీసికొని రావలసినదని సింగయభట్టను జలసూత్రజ్ఞున కానతిచ్చెను. అతడు సిరువెర చెఱువువఱకు కాలువ త్రవ్వించి, దానికి ప్రతాపబుక్కరాయమండల కాలువ యని పేరిడెను. శాసన మతనిని దశవిద్యలయందు ఆఱితేరినవానిగా వర్ణించుచున్నది. రాజు పేరుతోపాటు నీటిపనివాని పేరును రాతిమీద చెక్కించిన కాలమది. ఇప్పటి వంతెనల శిలాఫలకములమీద ఎవరి పేర్లుండునో పెద్దలు ఎఱుగుదురు.

కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువు శాసన మింతకంటెను విలువగలది. 1369 నాటిది. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండు సంవత్సరముల పని. శాసనకర్త లెక్క చెప్పి యూరకొనలేదు. మంచి చెఱువునకు పండ్రెండు సాధనములును, ఆఱు దోషములును గలవని సంస్కృతమున విప్పి చెప్పెను. ధర్మాత్ముడును ధనవంతుడునగు ప్రభువు, జలశాస్త్ర మెఱిగిన విప్రుడు, గట్టి మన్ను గల నేల, మూడు యోజనముల దూరమునుండి వచ్చు తియ్యనీటి యేఱు, ఏటినొరసియున్న కొండలు, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవుగాక దృఢమైన రాతికట్ట, దగ్గఱనే రాతిగని, కట్టునేర్పు గల పనివారు, ఇట్టివి సాధనములు. కట్టనుండి నీరు కాఱుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెఱువు నడుమ తాబేటి వీపువంటి మిట్ట, కొద్ది నీటికి పెద్ద ఆయకట్టు, పెద్ద నీటికి కొద్ది నేల, ఇవి దోషములు. సరిహద్దు చెఱువు తగవులకు మూలమని 1369లోనే యెఱిగినవారికి, నేటి అంతర్‌రాష్ట్ర జలవివాదములు చెప్పిన నాశ్చర్యము కలుగదు.

ఈ లెక్కతో మన చుట్టును చూడుడు. చిత్రావతి కడ్డముగా నున్న బుక్కపట్టణము చెఱువును బుక్కరాయల పేరుతోనే మనము చెప్పుకొనుచున్నాము. అనంతపురపు చెఱువును బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పదునాలుగవ శతాబ్దిలో పండమేటికి అడ్డుగా కట్టించెను. దాని దాపుననే బుక్కరాయసముద్రము. అచ్చటి కట్ట తెగబోగా ఊరివారికొఱకు తన్ను తాను బలియిచ్చుకొన్న ముసలమ్మ కథ విననివారుండరు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ కథనే ముసలమ్మ మరణమను కావ్యముగా రచించిరి. మన యూరి పేరును చెఱువే. ఈ సీమలో ఊరికి పేరు పెట్టునపుడు జనులకు తోచినది దేవుడు గాడు, రాజు గాడు, నీరు.

కోటలు యుద్ధమువలన కూలెను. అది మనవలన కాలేదు. చెఱువులు మాత్రము మన కన్నులయెదుటనే చెడినవి. పూర్వము చెఱువు మరమ్మతునకు దశబంధ మాన్యము లుండెడివి. మాన్యము ననుభవించువాడు కట్టను, తూమును, మరవను చూచుకొనవలసినదే. నీరుగంటి వంతులవారీగా మళ్లకు నీరు విడిచెడివాడు. కుంఫిణీవారి నాటినుండి బాధ్యత దొరతనమువారి చేతికి పోయెను. మాన్యములు పట్టాభూము లాయెను. బావులు, తరువాత బోరులు వచ్చినవి. ఎవరి నీరు వారి పొలములోనే దొరకునపుడు కట్టమీది తంగేడు చెట్టును కొట్టివేయువా డెవడు? పూడిక నిండెను, వరవకాలువలు దున్నబడెను. బోరు వేయిన్ని అడుగులకు పోయినపుడు గాని చెఱువు జ్ఞప్తికి రాలేదు. స్పెయిన్ దేశమున వలెన్సియా నగరములో నేటికిని ప్రతి గురువారమును పెద్ద చర్చి వాకిట, రైతులెన్నుకొన్న రైతులే కూర్చుండి, వ్రాతకోతలు లేక నోటిమాటతోనే కాలువనీటి తగవులను తీర్తురు. ఆ కట్టుబాటు మధ్యయుగమునుండి నడచుచున్నది. మన నీరుగంటి యంతకు తక్కువవాడు కాడు. వానిని మనమే పోగొట్టుకొంటిమి.

నీటిని విడిచిన నేల యేమగునో చూడగోరువారు అనంతపురపు జిల్లా పడమటి కొసకు, బొమ్మనహాళు, కణేకల్లు ప్రాంతములకు పోవచ్చును. హగరి యనబడు వేదవతి యెండిన గర్భమునుండి నైరృతి గాలులకు ఇసుక లేచి, దర్గాహొన్నూరు మొదలగు గ్రామములలో దిబ్బలై పొలములను కప్పుచున్నది. నిజమైన యెడారి దిబ్బలను చూచుటకు రాజస్థానమునకు పోనక్కఱలేదు.

మఱియొక మాట కఠినముగానే చెప్పుదును. ఇటీవల మన కొండలలో గుప్తనిధుల పేర నందుల కడుపులు పగులగొట్టుచున్నారు, గర్భగృహములలో గోతులు త్రవ్వుచున్నారు. నాలుగు వందల యేండ్లు శత్రుసైన్యములు తిరిగిన కోటలో మీకొఱకు బంగారము మిగిల్చి పోయిరా? పోయినది శాసనపు ముక్క. అందులో ఏ చెఱువు హద్దు, ఏ దశబంధపు వివరము వ్రాసియుండెనో ఇక నెవ్వడును చదువలేడు. ఊరిలో అట్టివారు కొత్తగా కనబడినయెడల మందలించుటకు పెద్దలగు మీ మాటకున్న బలము పోలీసువారి లాఠీకి లేదు.

పోదలచినవారు మార్గశిరమునుండి మాఘమువఱకుగల దినములలో పొండు. ఎండ సహింపదగియుండును. ఈ సీమ శాసనములలో కన్నడము మెండుగనుక, ఆ లిపి యెఱిగినవారి నొక్కరిని వెంటగొనిపొండు. పిల్లలను తప్పక తీసికొనిపొండు. గగనమహలు చూచిన పిదప, అదే మండలములోని గొల్లపల్లి జలాశయమునకును పోయి రండు. హంద్రీ-నీవా కాలువద్వారా ఎత్తిపోయబడిన కృష్ణాజల మచ్చటికి వచ్చుచున్నది. సింగయభట్టు పెన్నను తేబూనిన కొండకు ఆఱు శతాబ్దముల పిమ్మట కృష్ణ వచ్చినది. ఆ నీటిలో కొంత కార్లు చేయు కర్మాగారమునకు పోవుచున్నది, కొంత చెఱువులకు. ఏది యెంత యని గట్టుమీద నిలిచి అడుగుడు.