తొలి ఆటల కెప్టెన్

2021 జూలై చివరి వారం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్‌లో మన అమ్మాయిల హాకీ జట్టు మొదటి ఆటలో నెదర్లాండ్స్ చేతిలో 1-5తో ఓడింది. రెండో ఆటలో జర్మనీ 2-0తో గెలిచింది. మూడో ఆటలో బ్రిటన్ 4-1తో గెలిచింది. మూడు ఆటలు, మూడు ఓటములు. ఫోన్లలో చూస్తున్నవాళ్లు చాలామంది ఇక చాలనుకుని వదిలేశారు. మేము వదల్లేదు. మాకు హాకీ గొప్పగా తెలుసని కాదు. ఆ జట్టులో నిక్కీ ప్రధాన్, సలీమా టేటే ఉన్నారు. నిక్కీది జార్ఖండ్‌లోని ఖూంటీ జిల్లా హేసల్ గ్రామం. సలీమాది సిమ్డేగా జిల్లా. ఇద్దరూ మన ఆదివాసీ బిడ్డలే. సొంతవాళ్లు ఆడుతుంటే ఓడిపోతున్నారని లేచి వెళ్లిపోతామా?

నాలుగో ఆటలో ఐర్లాండ్‌పై 1-0, ఐదో ఆటలో దక్షిణాఫ్రికాపై 4-3. బొటాబొటీగా క్వార్టర్ ఫైనల్ చేరారు. అక్కడ ఆస్ట్రేలియాను 1-0తో ఓడించారు. ఆ రోజు దేశమంతా హాకీ అభిమానులైపోయింది. పేపర్ల మొదటి పేజీలు నిండిపోయాయి. అయితే ఆ పేజీల్లో తొలి ఆటల మాట లేదు. ఎప్పుడూ ఇంతే. పతకం దగ్గరికి వచ్చాకే అందరి చూపూ అటు తిరుగుతుంది. అప్పటిదాకా జట్టును మోసినవాళ్లు చివర్న లేకపోతే వాళ్ల పేరు కూడా ఉండదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, సరిగ్గా ఇలాగే పేరు పక్కకు జరిగిపోయిన మన మనిషి ఒకరున్నారు. ఆయన కూడా ఖూంటీ ప్రాంతం వాడే. భారత హాకీకి తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన జట్టుకు కెప్టెన్. పేరు జైపాల్ సింగ్ ముండా.

మన ఆశ్రమ పాఠశాలల్లో పిల్లల్ని 1928 అనగానే ఏం గుర్తొస్తుందని అడిగితే, జనరల్ నాలెడ్జ్ పుస్తకం చదివినవాళ్లు 'ధ్యాన్‌చంద్' అంటారు. తప్పు కాదు. ఆ ఒలింపిక్స్‌లో ఐదు ఆటల్లో 14 గోల్స్ కొట్టినవాడు ఆయన. కానీ కెప్టెన్ ఎవరంటే గది నిశ్శబ్దం. కొమురం భీమ్ తెలుసు, బిర్సా ముండా తెలుసు. బిర్సా రాంచీ జైల్లో చనిపోయిన రెండున్నరేళ్లకు, 1903 జనవరి 3న, అదే ముండాల నేల మీద టక్రా గ్రామంలో పుట్టిన జైపాల్ మాత్రం తెలియదు.

ఆయన కథ క్లుప్తంగా చెప్పుకుందాం. చిన్నప్పటి పేరు ప్రమోద్ పాహన్. రాంచీలో సెయింట్ పాల్ మిషన్ బడిలో చదివాడు. ఆ బడి ప్రిన్సిపాల్ ఆయనను ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరాడు. అర్థశాస్త్రం చదివాడు, హాకీ ఆడాడు. అక్కడ యూనివర్సిటీ జట్టుకు ఆడినవాళ్లకు 'బ్లూ' అనే గౌరవం ఇస్తారు. హాకీలో దాన్ని అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. తర్వాత ఐసీఎస్‌కు ఎంపికయ్యాడు. అంటే ఆ రోజుల్లో కలెక్టరు ఉద్యోగం చేతిలోకి వచ్చినట్టే. పశువులు కాసే ఊరి నుంచి అక్కడిదాకా.

అప్పుడే 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత జట్టును నడిపించమని పిలుపు వచ్చింది. ఆయన శిక్షణలో ఉన్నాడు, సెలవు అడిగాడు, ఇవ్వలేదు. హాకీనా ఐసీఎస్సా తేల్చుకోవాల్సి వచ్చింది. ఆయన హాకీ వైపు నడిచాడు. తిరిగొచ్చాక ఇంకో ఏడాది శిక్షణలో ఉండమన్నారు. దానికి ఒప్పుకోక ఐసీఎస్‌నే వదిలేశాడు. గ్రూప్స్ పరీక్షలకు ఏళ్ల తరబడి చదువుతున్న మన పిల్లలకు ఈ ముక్క చెబితే మొదట నమ్మరు. తర్వాత 'పిచ్చివాడా సార్ ఆయన?' అని అడుగుతారు. అడగనివ్వండి. ఆ ప్రశ్న మీద ఒక పీరియడంతా మాట్లాడుకోవచ్చు.

ఇక ఆటల సంగతి. జట్టు బొంబాయి నుంచి ఓడ ఎక్కే ముందు బొంబాయి జట్టుతో ఒక ఆట ఆడి 2-3తో ఓడిపోయింది. ఒలింపిక్స్‌కు వెళ్లే జట్టు ఊరి జట్టు చేతిలో ఓడితే ఎవరికి నమ్మకం ఉంటుంది? ఓడరేవుకు వచ్చి సాగనంపినవాళ్లు ముగ్గురే ముగ్గురు. టోక్యోలో మూడు ఓటముల తర్వాత ఆపేసిన ఫోన్లు మాకు ఇక్కడ గుర్తొస్తాయి. జైపాల్ అప్పటికే ఇంగ్లండ్‌లో ఉన్నాడు కాబట్టి ఆ ఓడలో లేడు. జట్టు అక్కడికి చేరాక కలిశాడు. ఫోక్‌స్టన్‌లో ఏటా జరిగే ఈస్టర్ హాకీ ఉత్సవంలోనూ మరికొన్ని చోట్లా ఆడారు. ఒకరినొకరు ఎరగని ఆటగాళ్లు జట్టుగా మారింది ఆ వారాల్లోనే. అంతకుముందు రెండుసార్లు హాకీ స్వర్ణం గెలిచిన బ్రిటన్ ఆ ఏడాది ఒలింపిక్స్‌కు జట్టునే పంపలేదు. తమ పాలనలో ఉన్న జట్టు చేతిలో ఓడితే పరువు పోతుందని భయపడ్డారని అంటుంటారు.

ఒలింపిక్స్ ప్రారంభోత్సవం జూలైలో అయినా హాకీ పోటీలు మే నెలలోనే పెట్టేశారు. తొమ్మిది జట్లు, రెండు గ్రూపులు. మన గ్రూపులో ఐదు జట్లు. మే 17న ఆస్ట్రియాపై 6-0. మర్నాడే బెల్జియంపై 9-0. 20న డెన్మార్క్‌పై 5-0. 22న స్విట్జర్లాండ్‌పై 6-0. ఆరు రోజుల్లో నాలుగు ఆటలు. 26 గోల్స్ కొట్టారు, ఒక్కటి కూడా ఇవ్వలేదు. గ్రూపులో మొదటి స్థానంతో ఫైనల్ చేరారు. మే 26న నెదర్లాండ్స్‌పై 3-0తో స్వర్ణం గెలిచారు. ఐదు ఆటల్లో మొత్తం 29 గోల్స్, ఎదుటివాళ్లకు సున్నా.

ఈ లెక్కను కొంచెం అభిమానుల కళ్లతో చూడండి. స్కోరు పట్టికలో గోల్ కొట్టినవాళ్ల పేర్లు ఉంటాయి. ఆ 29 ఎదురుగా ధ్యాన్‌చంద్ పేరూ మిగతా ఫార్వర్డ్‌ల పేర్లూ ఉంటాయి. మరి ఆ సున్నా ఎదురుగా ఎవరి పేరు రాస్తారు? గోల్‌కీపర్ రిచర్డ్ అలెన్‌ను కొందరు గుర్తుపెట్టుకున్నారు. జైపాల్ ఆడింది ఫుల్‌బ్యాక్ స్థానంలో. గోల్‌కు కొద్ది దూరంలో నిలబడి వచ్చిన బంతిని వచ్చినట్టే అడ్డుకుని, తిప్పికొట్టి, ముందున్నవాళ్లకు అందించే పని. పని బాగా జరిగిన రోజు ఏమీ జరగనట్టే ఉంటుంది. పని చెడితేనే ఫుల్‌బ్యాక్ పేరు బయటికొస్తుంది. తర్వాతి కాలంలో 1972 మ్యూనిక్ కాంస్యంలో, 1975 ప్రపంచ కప్‌లో ఆడిన మైకేల్ కిండోదీ ఇదే స్థానం. మూడు ఒలింపిక్స్ ఆడిన దిలీప్ తిర్కీ కూడా రక్షణ ఆటగాడే. మనవాళ్లు వెనక నిలబడే స్థానంలో ఎందుకింతమంది ఉన్నారన్నది వేరే చర్చ. మా అనుమానం మాకుంది. అది ఇంకోసారి.

ఫైనల్ రోజు జైపాల్ మైదానంలో లేడు. ఫైనల్‌కు ముందే జట్టును వదిలి వెళ్లిపోయాడు. వైస్ కెప్టెన్ పినిగర్ ఆ ఆటలో జట్టును నడిపాడు. ఎందుకు వెళ్లాడు? మేనేజర్ రోసియర్‌తో పడకనే అని ఎక్కువ రచనలు చెబుతాయి. జట్టులో ఆంగ్లో ఇండియన్లే ఎక్కువమంది, వాళ్ల మధ్య ఒక ఆదివాసీ కెప్టెన్‌గా ఉండటం కొందరికి రుచించలేదని ఇంకొందరు రాశారు. అదే జట్టులో ఆడిన ధ్యాన్‌చంద్‌కే ఆ కారణం అంతుపట్టలేదు. అందుకే పిల్లలకు చెప్పేటప్పుడు మనం తొందరపడి ఏదో ఒక కారణాన్ని తీర్పులా చెప్పకూడదు. తొలి దశలో ఆయన కెప్టెన్, చివరి ఆటలో ఆయన లేడు. ఇంతవరకు నిలబడే మాట. దాని వెనక ఏముండి ఉంటుందో పిల్లలే వాదించుకోనివ్వండి. అవమానం అంటే ఏమిటో వాళ్లకు మనం నేర్పక్కర్లేదు.

ఇక్కడ మన సొంత ఇంటి తప్పు ఒకటి చెప్పుకోవాలి. జైపాల్ గురించి మనవాళ్లు రాసే వ్యాసాల్లో, జయంతి రోజు పంచే కరపత్రాల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. ఆయన కెప్టెన్సీలో జట్టు లీగ్ దశలో 17 ఆటలు ఆడి, 16 గెలిచి, ఒకటి డ్రా చేసుకుందని. మేమూ మొదట అలాగే చెప్పాం. ఒకసారి క్లాసులో ఓ పిల్లవాడు లేచి, 'గ్రూపులో ఐదు జట్లే కదా సార్, 17 ఆటలు ఎవరితో ఆడారు?' అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. వాడి లెక్కే కరెక్టు. ఐదు జట్ల గ్రూపులో ఒక్కో జట్టు ఆడేది నాలుగు ఆటలే. ఆ 17లో ఇంగ్లండ్‌లో, దారిలో ఆడిన స్నేహపూర్వక ఆటలు కలిసి ఉండొచ్చు. ఒలింపిక్ లీగ్ అని రాస్తే మాత్రం తప్పే. మన మనిషిని చరిత్ర పక్కన పెట్టిందన్న కోపంలో మనం కూడా చరిత్రను పెంచి రాస్తే, ఎదుటివాడు ఆ ఒక్క తప్పును పట్టుకుని మిగతా అంతా కొట్టిపారేస్తాడు. నాలుగు ఆటలు, 26 గోల్స్, సున్నా. ఇది చాలదా?

హాకీ తర్వాత ఆయన బతుకు పెద్దది. 1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యాడు. రాజ్యాంగ సభ సభ్యుడయ్యాడు. 1946 డిసెంబర్ 19న అక్కడ లేచి, నేను అడవి మనిషిని, ఆ పేరుకు సిగ్గుపడను అని మాట్లాడాడు. ప్రజాస్వామ్యం ఆదివాసులకు మీరు నేర్పేది కాదు, వాళ్ల దగ్గర మీరే నేర్చుకోవాలని చెప్పాడు. మనల్ని వేరే పేర్లతో పిలుస్తుంటే 'ఆదివాసీ' అన్న మాటే ఉండాలని పట్టుబట్టాడు. ఐదో షెడ్యూలు మీద వాదించాడు. ఇవాళ మన ఏజెన్సీ గూడేల్లో భూమి గురించి ఎవరు మాట్లాడినా ఐదో షెడ్యూలు పేరెత్తకుండా ఉండరు. ఆ చర్చలో మన తరఫున నిలబడిన గొంతుల్లో ఈ ఫుల్‌బ్యాక్‌ది ఒకటి. ఆయన అడిగిన జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబర్ 15న వచ్చింది. అప్పటికి ఆయన పోయి 30 ఏళ్లు. మళ్లీ ఫైనల్‌లో ఆయన లేడు.

మన గూడేల్లో వాలీబాల్, కబడ్డీ కనిపించినంతగా హాకీ కనిపించదు. అందుకే ఆ ప్రాంతపు హాకీ గురించి కూడా పిల్లలకు కొంత చెప్పాలి. సిమ్డేగా, ఖూంటీ, పక్కనే ఒడిశాలోని సుందర్‌గఢ్ ఊళ్లలో కోతలు అయ్యాక 'ఖస్సీ' టోర్నమెంట్లు పెడతారు. ఖస్సీ అంటే మేకపోతు. గెలిచిన జట్టుకు అదే బహుమతి. అక్కడే కోసుకుని, వండుకుని, అందరూ కలిసి తింటారు. వెదురు కర్రలతో, చెట్టు కొమ్మలతో ఆడి పెరిగిన పిల్లలు ఆ ఆటల నుంచే జాతీయ జట్టు దాకా వెళ్లారు. కప్పు లేదు, ఫోటో లేదు, పేపర్లో వార్త లేదు. కూర మాత్రం ఉంటుంది. మాకు ఇది బాగా నచ్చింది.

ఇప్పుడు రాంచీలో జైపాల్ పేరుతో స్టేడియం ఉంది. విదేశాల్లో చదువుకునే ఆదివాసీ విద్యార్థులకు జార్ఖండ్ ప్రభుత్వం ఆయన పేరుతోనే స్కాలర్‌షిప్ ఇస్తోంది. అక్కడివాళ్లు ఆయనను 'మరంగ్ గోమ్కే' అంటారు, పెద్ద నాయకుడని. 2004లో ఆయన ఆత్మకథ పుస్తకంగా వచ్చింది. ఇంగ్లీషు చదవగల ఉపాధ్యాయులు దాన్ని తెప్పించుకుని, కనీసం ఆక్స్‌ఫర్డ్, ఆమ్‌స్టర్‌డామ్ భాగాలను పిల్లలకు తెలుగులో చెప్పగలిగితే బాగుంటుంది.

మొదట్లో చెప్పిన నిక్కీ ప్రధాన్ దగ్గరికి మళ్లీ వద్దాం. జార్ఖండ్ నుంచి ఒలింపిక్స్ హాకీ ఆడిన తొలి మహిళ ఆమె. టోక్యోకు ముందు 2016 రియోలో ఆడింది. మన మహిళల జట్టు 36 ఏళ్ల తర్వాత ఒలింపిక్స్‌కు వెళ్లిన సందర్భం అది. మొదటి ఆట జపాన్‌తో 2-2 డ్రా. ఆ తర్వాత ఒక్కటీ గెలవలేదు, జట్టు గ్రూపు దశలోనే ఇంటికొచ్చేసింది. కాబట్టి ఆ ఏడాది ఆమె ఆడినవన్నీ తొలి ఆటలే. హేసల్‌లో మాత్రం ఆ ఆటలు చూసిన చిన్న ఆడపిల్లలు మర్నాడు కర్రలు పట్టుకోకుండా ఉండి ఉంటారా?