కాశీ వంటకాలు, మిఠాయిలు

గంగ ఒడ్డున వెలసిన కాశీలో (వారణాసి) పొద్దుటి ఫలహారమంటే వేడి కచోరీ, కూర, జిలేబీ. ఈ నగరపు మిఠాయిల్లో మకుటాయమానమైనది మాత్రం చలికాలపు మలయ్యో. కాచిన పాలను రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచుతారు. తెల్లవారుజామున చిలికితే పైకి తేలే నురగకు కుంకుమపువ్వు, ఏలకులు కలిపి, పిస్తా చల్లి మట్టిపిడతల్లో పెడతారు. నాలుక మీద పడీ పడగానే కరిగిపోయే ఆ రుచి అపురూపం. ఎండకు నురగ నిలవదు కనుక పొద్దెక్కేలోగా తినాల్సిందే. మూడు రంగుల తిరంగా బర్ఫీ స్వాతంత్ర్యోద్యమ కాలంలో పుట్టింది. దానికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బనారసీ పాన్‌కు 2023లోనే వచ్చింది. ఠండాయి, రబ్డీ వేసిన లస్సీ కూడా ప్రసిద్ధం. కాశీయాత్రకు వెళ్లే తెలుగువారు మలయ్యో రుచి చూడాలనుకుంటే చలికాలంలోనే ప్రయాణం పెట్టుకోవాలి.