బస్సు మాట్లాడటం

ఇంగ్లీషువాడు బస్సుని అద్దెకి తీసుకుంటాడు. మనం మాట్లాడతాం. రిక్షా మాట్లాడతాం, గూడుబండి మాట్లాడతాం, పెళ్లికి మేళం మాట్లాడతాం, వంటవాణ్ణి మాట్లాడతాం. డబ్బు ఊసు పైకి రాదు. లోపల జరిగే మాటల్లో ముప్పాతిక వంతు డబ్బు గురించే అనుకోండి, అది వేరే సంగతి. మా బందరులో ఒకావిడ ఇంకొకావిణ్ణి "బస్సు మాట్లాడారా?" అని అడిగిందంటే, కార్తీకమాసం దగ్గరపడిందనైనా అర్థం, ఎవరింట్లోనో ముహూర్తం పెట్టుకున్నారనైనా అర్థం.

ఈ మాట్లాడే పని ఎప్పట్నించీ ఉంది, ఎవరు మాట్లాడేవారు అన్నది కాస్త తీరిగ్గా ఆలోచిస్తే పెద్ద కథే ఉంది.

పదిమందిని వెంటేసుకుని బయల్దేరడంలో మనందరికీ పెద్ద ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న మళ్లీ ఊరు చేరారు. వెంట సుమారు వందమంది! ఇంటి ఆడవాళ్లు, పరివారం, పల్లకీలు, బోయీలు, సామాన్లు. తిరుపతి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా పోయారు. దారి పొడుగునా స్నేహితుడికి రాస్తూ వచ్చిన సంగతులు 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. కాశీయాత్ర చరిత్ర అంటే పుణ్యక్షేత్రాల వర్ణనే కాబోలు అనుకుని తెరిచేవాళ్లకి ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది, ఏ ఏరు ఎలా దాటాలి, ఎక్కడ దిగితే సుఖం అన్నవే ముందు కనిపిస్తాయి. ఇల్లు నడిపిన వాళ్లకి నచ్చే పుస్తకం అది. కాకపోతే అన్నీ మాట్లాడిందీ ఆయనే, రాసిందీ ఆయనే. వెంట వెళ్లిన ఆడవాళ్లు చెప్పుకున్న కథ ఎలా ఉండేదో ఊహించుకోవడం మన పని.

బందరుకి మొదట కాలవ దారి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయ్యాక, కాలవల్లో పంటలకి నీళ్లతోపాటు మనుషుల్ని మోసే పడవలూ వచ్చాయి. 1908లో రైలు వచ్చింది. ఈ రెంటికీ ఒకటే లోపం. కాలవ ఎటు తీసుకెళ్తే అటు పోవాలి, రైలు ఆగినచోట దిగాలి. స్టేషను నుంచి పెళ్లివారి విడిదికి మళ్లీ ఎడ్లబళ్లే దిక్కు. గుమ్మం ముందు ఎక్కి గుడి ముందు దిగడమన్న సుఖం మోటారు బస్సుతోనే వచ్చింది.

ఆ బస్సుని ఒక పద్ధతిలో పెట్టింది 1939 నాటి మోటారు వాహనాల చట్టం. నేను చదివింది బి.ఏ., లా కాదు. అయినా ఆ చట్టంలో ఒక్క ముక్క మాత్రం నవలలో వాక్యంలా నాకు నచ్చుతుంది. బస్సులు రెండు జాతులని చెప్పింది. ఒకటి, ఎవరి టిక్కెట్టు వాళ్లు కొనుక్కుని ఎక్కడపడితే అక్కడ ఎక్కి దిగేది, స్టేజి క్యారేజి. రెండోది, బండి మొత్తాన్నీ ఒకే ఒప్పందం మీద ఇచ్చేది, కాంట్రాక్టు క్యారేజి. ఈ రెండోదానికి ఒక కట్టుబాటు: ఒప్పందంలో లేని మనిషిని దారిలో ఎక్కించకూడదు. అంటే మీరు మాట్లాడుకున్న బస్సు కాసేపు మీ ఇల్లే. పరాయివాళ్లు లోపలికి రాకూడదు. రూటు బస్సునే తిరనాళ్లకో, మతపరమైన ఉత్సవానికో తిప్పుకోవాలంటే తాత్కాలిక పర్మిట్టు ఇవ్వొచ్చని కూడా అందులోనే రాశారు. తెల్లదొరల కాలపు చట్టంలో మన తిరనాళ్లకి చోటు దొరికిందంటే ముచ్చటగా లేదూ!

అప్పట్లో కృష్ణాజిల్లాలో బస్సులన్నీ ప్రైవేటువాళ్లవే. పెళ్లికి బస్సు కావాలంటే ఓనరు ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుని మాట్లాడుకోవడమే. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. జిల్లాలోని రూట్లు సంస్థ చేతికి వెళ్లే స్కీము తయారైంది. ఓనర్లు ఊరుకుంటారా? అభ్యంతరాలు పెట్టారు, ఆ తర్వాత సుప్రీంకోర్టుకే వెళ్లారు. అక్కడ తేలిన విషయం వింటే మన వంటింటి తగువు గుర్తొస్తుంది. ఓనర్ల గోడు విన్నది హోంశాఖ కార్యదర్శి. స్కీముకి సరేనన్నది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు తేలిస్తే ఆ వినడం దేనికని 1958 నవంబరు 5న కోర్టు ఆ స్కీముని కొట్టేసింది. తీర్పు రాసింది కోకా సుబ్బారావుగారు, మన రాజమండ్రి మనిషి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయినాయన. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు అంటే ఇవాళ్టికీ లా చదివే పిల్లలకి తెలుసు. అది మన జిల్లా బస్సుల తగువని ఎంతమందికి తెలుసో మరి! తర్వాత ముఖ్యమంత్రే కూర్చుని విన్నారు. 1959లో ఓనర్లు మళ్లీ వెళ్లినా ఈసారి కోర్టు కాదంది.

రూట్లు పోయినా, మొత్తంగా మాట్లాడుకునే బస్సుకి మాత్రం ప్రైవేటువాళ్లకి దారి మిగిలింది. ట్రావెల్స్ బోర్డులన్నీ ఆ మిగిలిన దారిలో మొలిచినవే. సంస్థ కూడా పెళ్లిళ్లకీ యాత్రలకీ బస్సులు ఇస్తూనే వచ్చింది.

1988లో కొత్త చట్టం వచ్చింది. డ్రైవరు కాక ఆరుగురికి పైన, పన్నెండుమందికి లోపల ఎక్కే బండికి 'మ్యాక్సీ క్యాబ్' అని పేరు పెట్టింది. చిన్న సంసారాలకి సరిపోయే బళ్లన్నమాట. 1989 నాటి నిబంధనల్లో ఇంకో సంగతి ఉంది. టూరిస్టు పర్మిట్టు బస్సులో వెళ్లేవాళ్ల జాబితా మూడు ప్రతులు రాయాలి. పేరు, చిరునామా, వయసు, ఎక్కే ఊరు, దిగే ఊరు. ఒక ప్రతి బస్సులో ఉండాలి.

ఈ జాబితా రాయడం నేను కళ్లారా చూశాను. 1993 కార్తీకమాసం. మా వీధి ఆడవాళ్లు పంచారామాలకి బస్సు మాట్లాడారు. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. ఆదివారం రాత్రి బయల్దేరి మంగళవారం పొద్దుటికి రావాలి. మాట్లాడటానికి మగవాళ్లని పంపకుండా మా అమ్మమ్మే వెళ్లింది, ఇంకో ఇద్దరిని తోడు తీసుకుని, నన్ను చెయ్యి పట్టుకుని. రేటు తెగాక అమ్మమ్మ అడిగింది:

"ఏం బాబూ, బస్సంతా మాదే కదా? దారిలో మీవాళ్లనెవర్నీ ఎక్కించవుగా?"

"ఎక్కించకూడదండి మామ్మగారూ, పర్మిట్టు పోద్ది" అన్నాడు ఆ అబ్బాయి.

1939 చట్టం మొత్తం ఆ రెండు మాటల్లో ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం మా అరుగు మీద నోటుబుక్కు పెట్టుకుని జాబితా మొదలెట్టారు. రాసేది నేను. అక్కడ చిక్కు వచ్చింది. మా వీధిలో ఎవరికీ పేరు లేదు! పోస్టుమాస్టారి భార్య, స్తంభాలింటి పిన్నిగారు, కుట్టుమిషను అక్కయ్యగారు, అంతే. మా పక్కింటి పెద్ద మామ్మగారిని "మీ పేరు చెప్పండి" అంటే ఆవిడ చాలాసేపు నావంక చూసి, "అబ్బాయి పేరు రాసి, ఆయన తల్లి అని రాయవే" అన్నారు. అలా కుదరదుట మామ్మగారూ అన్నాను. అప్పుడు నెమ్మదిగా చెప్పారు. ఇరవై ఏళ్లు గోడకి గోడగా ఉన్న మా అమ్మమ్మ ఆ పేరు మొదటిసారి వినడం అదే. "ఇంత చక్కని పేరు పెట్టుకుని దాచారేమిటండీ!" అంది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆవిడ రాయమన్నది బస్సు జాబితాలో మాత్రమే.

జాబితా అంటే వట్టి సర్కారు తంతు అనుకునేవాళ్లకి ఒక మాట చెప్పాలి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర ప్రైవేటు బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. ఎవరు ఎవరో పోల్చడానికి డి.ఎన్.ఏ. పరీక్షలు చేయాల్సి వచ్చింది. కాంట్రాక్టు పర్మిట్టు తీసుకుని, సీటుకింతని టిక్కెట్లమ్మి, దారిలో చెయ్యెత్తినవాణ్ణల్లా ఎక్కించుకునే రాత్రి బస్సులు మనకి కొత్తవి కావు. అలాంటి బస్సులో మీ పక్క సీట్లో మనిషి ఎవరో కాగితం మీదైనా ఉంటుందన్న నమ్మకం లేదు. మా అమ్మమ్మ అడిగిన ప్రశ్న పిచ్చి ప్రశ్న కాదు.

ఇక బేరం సంగతి. కిలోమీటర్లు మన వీధి చివర నుంచి లెక్కెయ్యరు, షెడ్డు నుంచి షెడ్డు దాకా వేస్తారు. బస్సు ఖాళీగా వచ్చి ఖాళీగా పోయే దూరం కూడా మన ఖాతాలోదే. అందుకని ఎక్కబోయే ముందు మీటరు అంకె చీటీ మీద రాయించుకోవాలి. డ్రైవరు బత్తా, క్లీనరు బత్తా, టోలుగేట్లు ఎవరివో ముందే తేల్చుకోవాలి. పులిహోర పొట్లాల్లో రెండు వాళ్లకి లెక్కెయ్యాలి. చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు ఎవరు తేవాలన్నది మాత్రం ఇంతవరకూ ఏ ఒప్పందంలోనూ నేను చూడలేదు, అయినా ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు.

కార్తీక పౌర్ణమికి మంగినపూడి సముద్రస్నానానికి వచ్చే బస్సుల్ని చూస్తే ఇప్పుడు అద్దం మీద కాగితం అంటించి ఉంటుంది, ఫలానా ఊరు, ఫలానా మహిళా బృందం అని. కింద మాట్లాడినావిడ ఫోను నంబరు. స్నానమై తడి చీరలతో వచ్చినవాళ్లు తమ బస్సేదో తెలియక ఇసుకలో తిరుగుతుంటారు. ఆవిడ మెట్టు మీద నిలబడి, చేతిలో జాబితా పట్టుకుని, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ ఎక్కిస్తుంటుంది.