విల్లింగ్డన్ ప్రభువు, పానగల్లు రాజా, మన చీరాల

ఇంగ్లండు దేశపు ప్రభువుల చరిత్ర మన పల్లెవారికేల యని కొందరనవచ్చును. కాని 1921వ సంవత్సరమున మన పొరుగుననున్న చీరాలలో జనులు ఇండ్లు వదలి వెడలిపోయిన దినములలో చెన్నపట్టణమున గవర్నరు పదవి నలంకరించినవాడు అట్టి ప్రభువే. ఆయన కథ తెలియనిచో మన కథ సగమే తెలిసినట్లు.

ఫ్రీమన్ థామస్ 1866 సెప్టెంబరు 12వ తేదీన జన్మించెను. పుట్టుకచే ప్రభువు కాడు. పసితనముననే తండ్రి గతించెను. కేంబ్రిడ్జిలో చదివి, క్రికెట్టు ఆటలో పేరు గడించి, 1892లో మేరీ బ్రాసీ యను కన్యను వివాహమాడెను. ఆమె పితామహుడు దేశదేశములందు రైలుమార్గములు వేయించిన కంట్రాక్టరు. తండ్రి బ్రాసీ ప్రభువు, ఆస్ట్రేలియాలోని విక్టోరియాకు గవర్నరు. అల్లుడు మామగారి కొలువున అంగరక్షకోద్యోగియై పరిపాలన మర్మములు నేర్చెను. మన సంస్థానములలో అల్లుండ్రకు దివానుగిరీ దొరకిన రీతియే యిదియు! 1900లో లిబరల్ పక్షమున పార్లమెంటు సభ్యుడయ్యెను. 1910లో విల్లింగ్డన్ బేరనైనాడు. 1913లో బొంబాయికి గవర్నరై వచ్చెను. మరుసటి యేడు పెద్దకుమారుడు ఫ్రాన్సు రణరంగమున మడిసెను. ఆ శోకము గుండెలో దాచుకొనియే ఆ దంపతులు 1919లో చెన్నపట్టణము చేరిరి.

అప్పుడే ద్వంద్వ ప్రభుత్వము వచ్చెను. పోలీసు, ఖజానా గవర్నరు పక్షమున నిలిచినవి. విద్య, వైద్యము, స్థానిక స్వపరిపాలనము మంత్రులకు దక్కినవి. 1920 డిసెంబరులో స్థానిక స్వపరిపాలన మంత్రియైనవారు కాళహస్తి ప్రాంతపు పానగంటి రామరాయణింగారు, అనగా పానగల్లు రాజా. ఆయనయు 1866లోనే, జూలై 9న, జన్మించుట చిత్రము. సంస్కృతమభ్యసించిన పట్టభద్రుడు, పద్మవెలమ కులస్థుడు, జస్టిస్ పక్షనాయకుడు. 1921 జూలైలో ముఖ్యమంత్రియు నయ్యెను.

చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేయుట ఆయన రాకకు పూర్వపు పనియే. కాని రద్దుచేయు శాఖ ఆయన చేతిలోనిదే. పన్ను నాలుగువేల రూపాయలనుండి నలుబది వేలకు పెరిగెను. లెక్కలు వ్రాయు నాబోటివానికి ఈ రెండంకెలే చాలును. నేతగాండ్రు, కూలివారు ఎక్కడినుండి తేగలరు? గాంధీమహాత్ముడు 1921 ఏప్రిలులో చీరాల వచ్చెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున సుమారు పదమూడు వేలమంది ఊరి వెలుపల రామనగరమున పాకలు వేసికొని, ఎండలకు, వానలకు ఓర్చి, పదునొకండు మాసములు నివసించిరి. దుగ్గిరాలవారిని చెరసాలకు పంపుట గవర్నరు కొలువు పని. మునిసిపాలిటీని నిలుపుట మంత్రి కొలువు పని. తెల్లప్రభువును మాత్రమే నిందించి తెలుగు ప్రభువును విడుచుట న్యాయము కాదు.

అయినను పానగల్లువారి మేలును మరువరాదు. దేవాలయముల ఆస్తులకు లెక్క చెప్పించు ధర్మాదాయ చట్టము, 1925లో చెన్నపట్టణమున దేశీయవైద్య పాఠశాల ఆయన కృషియే. 1923 నవంబరులో ఆయనపై అవిశ్వాస తీర్మానము తెచ్చినవారు మరియొక తెలుగు పండితుడు, కట్టమంచి రామలింగారెడ్డిగారు. మంత్రివర్గము నిలిచెను. 1926 ఎన్నికలలో బలము తగ్గి పదవి వీడి, 1928 డిసెంబరు 16న రాజావారు దివంగతులైరి.

విల్లింగ్డన్ ప్రభువు 1931 మొదలు 1936 వరకు వైస్రాయిగా నుండెను. ఆయన కాలముననే గాంధీగారు మరల చెరకేగిరి. 1936లో మార్క్విస్ బిరుదమంది 1941లో మరణించెను. మిగిలిన కుమారునికి సంతానము లేమి 1979లో ఆ బిరుదమంతరించెను. చెన్నపట్టణపు త్యాగరాయనగరులో పానగల్లు రాజా పేర ఉద్యానవనమొకటి నేటికిని కలదు.